మీటింగులో మాట ఎక్కడ ఆగిపోతోంది: నాలుగు వారాల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

మా బృందంలో మొత్తం పదకొండు మందిమి. వారానికి రెండుసార్లు ఆన్‌లైన్‌లో కలుసుకుంటాం. ప్రతి సమావేశంలోనూ మొదటి పది నిమిషాలు "నా మాట వినిపిస్తోందా?", "మీరు మ్యూట్‌లో ఉన్నారు", "ఒకసారి బయటికి వెళ్లి మళ్లీ రండి" అనే మూడు వాక్యాలకే సరిపోతున్నాయి. ఎవరికి ఇబ్బంది వస్తే వారు తోచిన బటన్ నొక్కుతారు, పక్కవారు తోచిన సలహా ఇస్తారు, ఎలాగో మాట వినిపించడం మొదలవుతుంది. ఏది చేస్తే బాగుపడిందో ఎవరికీ తెలియదు కనుక తరువాతి సమావేశంలో కథ మళ్లీ మొదటికొస్తుంది. దీన్ని ఒక ప్రాజెక్టుగా పెట్టుకుని, నాలుగు వారాల్లో ఒక్కొక్కరి మైకు, స్పీకరు సంగతి విడిగా తేల్చి రాసి పెడతానని నేనే ముందుకొచ్చాను.

పని మొదలుపెట్టే ముందు మాట నడిచే దారిని కాగితం మీద గీసుకున్నాను. నోటి నుంచి మైకుకు, మైకు నుంచి తీగ మీదుగానో బ్లూటూత్ మీదుగానో కంప్యూటరుకు, అక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ చేతి నుంచి మీటింగు యాప్ చేతికి, అక్కడి నుంచి నెట్‌వర్కులోకి. అవతలి పక్క ఇదే దారి తిరగేసినట్లు స్పీకరు దాకా. ప్రతి మజిలీలోనూ మాట ఆగిపోవడానికి వీలుంది. కాబట్టి సెట్టింగులు కదపడానికి ముందు మాట ఏ మజిలీ దాకా క్షేమంగా వచ్చిందో వినాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, మార్పుకు ముందూ తరువాతా రికార్డు చేసి పోల్చాలి అని నియమం పెట్టుకున్నాను.

రికార్డు చేయడానికి అందరికీ ఒకే వాక్యం ఇచ్చాను: "శనివారం సాయంత్రం సభలో షరతులు చదువుతుంటే బాబు భయపడి ఫక్కున నవ్వాడు." భయపడి ఫక్కున నవ్వడమేమిటని ఒకరు అడిగారు. అర్థం కోసం కాదు, అక్షరాల కోసం రాసిన వాక్యమది. శ, ష, స పలికినప్పుడు పుట్టే శబ్దంలో ఎక్కువ భాగం పై పౌనఃపున్యాలలో, అంటే సన్నని కీచు స్థాయిలో, ఉంటుంది. దారిలో ఎక్కడైనా నాణ్యత తెగితే మొదట చెడేవి ఆ మూడే. బ, భ, ఫ పలికినప్పుడు గాలి విసురుగా వస్తుంది. మైకు మరీ ఎదురుగా ఉంటే అక్కడ డబ్బుమని పేలుతుంది. ఈ ఒక్క వాక్యం వింటే సగం రోగం తెలుస్తుందని నా ఆశ.

3వ రోజు

మొదట చూసింది లెక్కలు చూసే మేడమ్ గారి ల్యాప్‌టాప్. అందరి మాటా ఆమెకు వినిపిస్తుంది, ఆమె మాట ఎవరికీ వినిపించదు. విండోస్ 11లో సెట్టింగులు తెరిచి, సిస్టమ్‌లో సౌండ్ అనే చోటికి వెళ్లి, మైకు పేరు మీద నొక్కితే మనం మాట్లాడేకొద్దీ కదిలే పట్టీ ఒకటి కనిపిస్తుంది. ఆమె మాట్లాడితే పట్టీ చక్కగా కదిలింది. వాయిస్ రికార్డరులో రికార్డు చేసి వింటే వాక్యం మొదటి నుంచి చివరి దాకా స్పష్టంగా ఉంది. అంటే మైకూ మంచిదే, సిస్టమ్ దాకా దారీ మంచిదే.

ఆమె బ్రౌజరులోంచి సమావేశానికి వస్తారు. అడ్రసు పట్టీకి ఎడమ పక్కనున్న చిన్న గుర్తు మీద నొక్కి ఆ సైటుకున్న అనుమతులు చూస్తే మైకు దగ్గర నిషేధం ఉంది. ఎప్పుడో ఒకసారి "మైకు వాడుకోవచ్చా?" అని బ్రౌజరు అడిగితే, ఏదో అనుమానాస్పదమైనదేమోనని ఆమె వద్దన్నారట. బ్రౌజరు ఆ మాటను గుర్తుపెట్టుకుని మళ్లీ అడగలేదు. అనుమతి ఇచ్చి పేజీని మళ్లీ లోడు చేయగానే మాట వినిపించింది. "ఇన్నాళ్లూ నాదే తప్పా అండీ?" అని ఆమె నొచ్చుకున్నారు. అనుమానించడం తప్పేమీ కాదని, అడిగినప్పుడు చదివి జవాబు చెప్పినవారు మా పదకొండు మందిలో ఆమె ఒక్కరేనని చెప్పాను.

ఇదే లక్షణంతో ఉన్న రెండో వ్యక్తిది మ్యాక్. అక్కడ సిస్టమ్ సెట్టింగుల్లోని ప్రైవసీ విభాగంలో మైకు వాడుకునే యాప్‌ల జాబితా ఉంటుంది. అందులో మీటింగు యాప్‌కు ఎదురుగా ఉన్న మీట ఆపి ఉంది. మీట వేసినా యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరిచేదాకా ఫలితం కనిపించలేదు.

మూడో వ్యక్తి విషయంలో ఒక పూట వృథా అయింది. ఆయన యాప్‌లో మ్యూట్ తీసే ఉంది, అనుమతులన్నీ ఉన్నాయి, అయినా సిస్టమ్‌లోని పట్టీ చలించదు. చివరికి హెడ్‌సెట్ తీగ మీద, చొక్కా మడతలో దాగి, గోరంత మీట ఒకటి కనిపించింది. మ్యూట్ అనేది ఒక చోట ఉండేది కాదు: హెడ్‌సెట్ మీద ఒకటి, కొన్ని ల్యాప్‌టాప్‌ల కీబోర్డు మీద ఒకటి, యాప్‌లో ఒకటి. తీగ మీద మాట తెగితే ఆ సంగతి చాలాసార్లు యాప్‌కు తెలియదు. తెర మీద మైకు గుర్తు వెలుగుతూనే ఉంటుంది.

6వ రోజు

ఈ రోజు పని చిన్నది. డిజైను చూసే అమ్మాయికి ఎవరి మాటా వినిపించడం లేదు. ఆమె కొత్తగా పెద్ద మానిటరును హెచ్‌డీఎంఐ తీగతో కలుపుకుంది. ఆ తీగ బొమ్మతో పాటు శబ్దాన్ని కూడా మోస్తుంది కనుక, సిస్టమ్ మానిటరునే స్పీకరుగా ఎంచుకుంది. ఆ మానిటరుకు స్పీకర్లే లేవు. మా మాటలన్నీ వారం రోజులుగా ఆ చెవిటి పెట్టెలోకి వెళుతున్నాయి. అవుట్‌పుట్‌లో ల్యాప్‌టాప్ స్పీకరును ఎంచుకుంటే సరిపోయింది. మీటింగు యాప్‌కు తన సొంత ఎంపిక వేరే ఉంటుందని, సిస్టమ్‌లో మార్చినంత మాత్రాన యాప్‌లో మారకపోవచ్చని కూడా ఆమెకు రాసి ఇచ్చాను.

పనిలో పనిగా ఆమె ఇంకొకటి అడిగింది: సమావేశంలో వీడియో చూపిస్తే అందరికీ బొమ్మే వస్తుంది, శబ్దం రాదు. తెరను పంచుకునేటప్పుడు శబ్దాన్ని కూడా పంచుకోవాలా అని ఒక గడి ఉంటుంది. అది టిక్కు పెట్టి ఉండాలి, అంతే.

9వ రోజు

తీగ హెడ్‌సెట్ల రోజు. సార్ (మాలో అందరికంటే పెద్దవారు) తన ఫోనుకు వాడే హెడ్‌సెట్‌ను పాత డెస్క్‌టాప్‌కు పెట్టుకుంటే వినిపిస్తుంది కానీ మాట పోదు. ప్లగ్గును దీపం కింద పట్టుకుని చూడమన్నాను. లోహపు మొన మీద మూడు నల్లని గీతలున్నాయి. అంటే మధ్యలో నాలుగు లోహపు భాగాలు: ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండు (అన్నిటికీ ఉమ్మడిగా కరెంటు తిరిగి వెళ్లే దారి), మైకు. డెస్క్‌టాప్ వెనుక ఉన్నవి రెండు వేరువేరు రంధ్రాలు, ఒకటి వినడానికి, ఒకటి మైకుకు. నాలుగు భాగాల ప్లగ్గును వినే రంధ్రంలో పెడితే మైకు మాటను అందుకునే చోటే అక్కడ ఉండదు. ఒక ప్లగ్గును రెండుగా విడదీసే చిన్న తీగ ముక్క పెట్టాక మాట వచ్చింది.

ఆయన దగ్గరే మరో పాత హెడ్‌సెట్ ఉంది. దాన్ని ఫోనుకు పెడితే గొంతులు ఎక్కడో నీళ్లలోంచి వస్తున్నట్లు పలచగా వినిపిస్తాయి, తీగ మీది బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు మాత్రం బాగుంటుంది. ఇది పాడవడం కాదు. నాలుగు భాగాల ప్లగ్గులకు రెండు పద్ధతులున్నాయి. సీటీఐఏ పద్ధతిలో గ్రౌండు, మైకు ఉన్న వరుస ఓఎమ్‌టీపీ పద్ధతిలో తారుమారవుతుంది. ఇప్పటి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా సీటీఐఏ. బటన్ నొక్కినప్పుడు మైకు తీగ, గ్రౌండు తీగ ఒకటవుతాయి కాబట్టి ఆ కాసేపు తేడా చెరిగిపోతుంది. సార్ ఆ బటన్‌ను మూడుసార్లు నొక్కి, వదిలి, విని, "ఏళ్ల తరబడి దీన్ని పాడైందనుకుని సొరుగులో పడేశాను" అన్నారు.

12వ రోజు

బ్లూటూత్. ఇక్కడ రెండు రోజులు ఆగాల్సి వచ్చింది, ఆగినందుకు విచారం లేదు.

అనువాదాలు చేసే మిత్రుడి ఫిర్యాదు ఇది: "పాటలు వింటే హెడ్‌ఫోను అద్భుతంగా ఉంటుంది. మీటింగులో చేరగానే పాత టెలిఫోనులా మారిపోతుంది. యాప్ మంచిది కాదేమో." యాప్‌ను తప్పించి చూద్దామని, పాట పెట్టి, అది మోగుతుండగానే వాయిస్ రికార్డరు మాత్రం తెరవమన్నాను. మీటింగు ఏదీ లేకుండానే పాట నాణ్యత ఒక్కసారిగా పడిపోయింది. రికార్డరు మూయగానే మళ్లీ తేరుకుంది. యాప్ నిర్దోషి.

కారణం బ్లూటూత్ పద్ధతిలోనే ఉంది. పాటలు వినడానికి వాడే ఏ2డీపీ అనే పద్ధతి నాణ్యమైన శబ్దాన్ని కంప్యూటరు నుంచి హెడ్‌ఫోనుకు పంపుతుంది. మైకు శబ్దాన్ని వెనక్కి తెచ్చే దారి అందులో లేదు. మైకు కావాలనగానే హెడ్‌ఫోను హెచ్‌ఎఫ్‌పీ అనే ఫోను పద్ధతికి మారుతుంది. అందులో మాట రెండు వైపులా నడుస్తుంది కానీ దారి ఇరుకు. పాత రకంలో శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లే కొలిచి నమూనాలు తీస్తారు, నమూనాల సంఖ్యలో సగం పౌనఃపున్యం దాకానే శబ్దం నిలుస్తుంది కనుక 4,000 హెర్ట్జ్‌కు పైనున్న శబ్దమేదీ మిగలదు. మెరుగైన రకంలో నమూనాలు 16,000, మిగిలే శబ్దం 8,000 హెర్ట్జ్ దాకా. నా వాక్యం ఇక్కడ అక్కరకొచ్చింది: పాత రకంలో రికార్డు చేస్తే "సాయంత్రం సభలో" అన్నది "ఫాయంత్రం ఫభలో" అన్నట్లు వినిపించింది, బాబు ఫక్కున నవ్వాడో పక్కన నవ్వాడో తెలియలేదు.

13వ రోజు

హెడ్‌ఫోనును వినడానికి మాత్రమే ఉంచి, మైకుగా ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్నే ఎంచుకోమన్నాను. యాప్ సెట్టింగుల్లో మైకు, స్పీకరు విడివిడిగా ఎంచుకోవచ్చు. వినడం వెంటనే బాగుపడింది, ఆయన మాట కూడా స్పష్టమైంది. కానీ ఆయన టైపు చేస్తూ మాట్లాడే మనిషి. ఇప్పుడు కీబోర్డు టకటకలు అందరికీ చేరుతున్నాయి. రెండింటిలో ఏది నయమో ఆయన్నే తేల్చుకోమన్నాను. టకటకలే నయమన్నారు, వినేవారిని అడగకుండానే.

ఆ హెడ్‌ఫోను ఒకేసారి ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ కలిసి ఉంటోంది. ఫోను మోగితే సమావేశం శబ్దం మాయమవడానికి అదే కారణం. సమావేశం ఉన్నంతసేపు ఫోనులో బ్లూటూత్ ఆపేయమని చెప్పాను. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతి ఈ ఇరుకు దారి సమస్యను తీరుస్తుంది, అయితే హెడ్‌ఫోను, కంప్యూటరు రెండూ దానికి తగినవై ఉండాలి. ఆయన దగ్గరున్నవి అలాంటివి కావు.

16వ రోజు

ప్రతిధ్వని. అందరినీ అన్నిటికంటే ఎక్కువగా విసిగించింది ఇదే, నేను అన్నిటికంటే ఎక్కువగా పొరబడిందీ ఇక్కడే.

ఫిర్యాదు సార్ నుంచి వచ్చింది: తాను మాట్లాడిన ప్రతి మాటా అర సెకను తరువాత తనకే తిరిగి వినిపిస్తోంది. సహజంగానే నేను ఆయన కంప్యూటరు మీద పడ్డాను. ఆయన స్పీకరు తగ్గించాను, మైకు మార్చాను, నా నియమాన్ని నేనే తప్పి వెనుక మోతను తగ్గించే నాయిస్ సప్రెషన్‌ను, మైకు స్థాయిని ఒకేసారి కదిపాను. ప్రతిధ్వని చెక్కుచెదరలేదు, కొత్తగా ఆయన మాట మధ్యమధ్యలో తెగిపోవడం మొదలైంది. రెండు మార్పుల్లో ఏది కారణమో తెలియక అన్నీ వెనక్కి తిప్పాను.

17వ రోజు

రాత్రి కాగితం మీది దారిని మళ్లీ చూశాను. సార్ మాట తనకే తిరిగి రావాలంటే అది ముందు ఇంకొకరి స్పీకరులోంచి బయటికొచ్చి, ఆ ఇంకొకరి మైకులో పడి, నెట్‌వర్కు మీదుగా వెనక్కి రావాలి. ప్రతిధ్వని ఎవరికి వినిపిస్తుందో వారి దగ్గర లోపం ఉండదు; లోపమున్నవారికి తమ ప్రతిధ్వని వినిపించదు. మిగిలిన పదిమందిలో ఎవరో ఒకరు తెలియకుండా ఆయన మాటను ఆయనకే తిప్పి పంపుతున్నారు.

ఉదయం అందరినీ చేర్చి, సార్‌ను ఒకటి నుంచి లెక్కపెడుతూ ఉండమని, మిగిలినవారిని వరుసగా ఒక్కొక్కరిని మ్యూట్ చేస్తూ పోయాను. ఎనిమిది మంది మ్యూట్ అయినా ప్రతిధ్వని పోలేదు. తొమ్మిదో మనిషినీ మ్యూట్ చేశాను, పోలేదు. మిగిలింది నేను. నా మైకు మ్యూట్ చేసి చూస్తే, తెర మీద సార్ లెక్క ఆపి చేత్తో బాగుందని సైగ చేశారు.

18వ రోజు

నా తప్పేమిటో తేల్చడానికి ఒక రోజు పట్టింది. మీటింగు యాప్‌లన్నిటిలోనూ ప్రతిధ్వనిని తుడిచే ఏర్పాటు ఉంటుంది. స్పీకరుకు తాను ఏ శబ్దం పంపుతోందో యాప్‌కు తెలుసు కాబట్టి, అదే శబ్దం గదిలో తిరిగి మైకులో ఎలా పడుతుందో అంచనా వేసి దాన్ని తీసివేస్తుంది. ఆ అంచనా తప్పే సందర్భాలు కొన్ని ఉన్నాయి. నేను స్పీకరును నిండుగా వందకు పెట్టుకునే అలవాటున్నవాణ్ణి. ఆ స్థాయిలో చిన్న స్పీకరు శబ్దాన్ని గరగరమంటూ వికృతం చేస్తుంది, యాప్‌కు తెలిసిన శబ్దం వేరు, మైకులో పడిన శబ్దం వేరు అవుతాయి. స్పీకరును 60కి దించి, మైకుకు దూరంగా జరిపాను. సార్ రెండు వందల దాకా లెక్కపెట్టారు. ఒక్క అంకె కూడా తిరిగి వెళ్లలేదు.

ఒకే గదిలో ఇద్దరు తమతమ ల్యాప్‌టాప్‌లతో చేరితే వచ్చే కీచుమనే అరుపుకూ మూలం ఇదే. ఒక ల్యాప్‌టాప్ స్పీకరులోంచి వచ్చే శబ్దం గురించి రెండో ల్యాప్‌టాప్‌లోని యాప్‌కు ఏమీ తెలియదు, కాబట్టి తీసివేయలేదు. మైకు, స్పీకరు ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. గదికి ఒక్క మైకు, ఒక్క స్పీకరే పనిచేయాలి. రెండో ల్యాప్‌టాప్‌లో మైకును మ్యూట్ చేస్తే సగం పనే. స్పీకరు కూడా ఆపాలి.

20వ రోజు

మైకు దూరం మీద చిన్న ప్రయోగం చేశాను. నా వాక్యాన్ని ఒకే గొంతుతో 15, 30, 60 సెంటీమీటర్ల దూరం నుంచి రికార్డు చేశాను. దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా చేరే గొంతు సుమారు 6 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) పడిపోతుంది. గదిలో తిరిగే శబ్దం, ఫ్యాను హోరు మాత్రం అంతే ఉంటాయి. 60 దగ్గర నా గొంతు గుహలోంచి వస్తున్నట్లుంది. పైగా యాప్ మైకు స్థాయిని తానే సర్దుకునే ఏర్పాటు ఉంటే, నేను మాట్లాడడం ఆపగానే అది శబ్దం తక్కువైందనుకుని స్థాయి పెంచుతుంది, ఫ్యాను హోరు మెల్లగా పైకి లేస్తుంది, నేను మళ్లీ నోరు తెరవగానే మొదటి మాట బద్దలవుతుంది. మైకును దగ్గరకు తెచ్చాక ఆ ఏర్పాటు ఉన్నా పెద్ద ఇబ్బంది లేదు. నోటికి సూటిగా కాక, పెదవి చివరకు కొంచెం పక్కగా పెడితే "భయపడి ఫక్కున" దగ్గర పేలడమూ తగ్గింది.

23వ రోజు

కొత్తగా చేరిన అబ్బాయి మాట మరమనిషి మాటలా ముక్కలవుతోంది. అతను అప్పటికే హెడ్‌సెట్ మార్చి చూసుకున్నాడు. అతని కంప్యూటరులోనే రికార్డు చేయించి విన్నాను, శుభ్రంగా ఉంది. అదే సమయంలో నా దగ్గర రికార్డైన సమావేశంలో ముక్కలుగా ఉంది. మధ్యలో ఉన్నది నెట్‌వర్కే. బ్రౌజరు సమావేశాల్లో సాధారణంగా మాటను 2012లో ప్రామాణికమైన ఓపస్ అనే పద్ధతిలో 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పంపుతారు. ఒకటీ అరా ముక్క దారిలో పోతే అవతలి పక్క పూడ్చుకుంటుంది, వరుసగా పోతే పూడ్చడానికి చేసే ప్రయత్నమే మరమనిషి గొంతులా వినిపిస్తుంది. సరిగ్గా మీటింగు వేళకే అతని కంప్యూటరులోని ఫోటోలు క్లౌడ్‌లోకి ఎక్కుతున్నాయని తేలింది. దాన్ని వేరే వేళకు మార్చుకున్నాడు, వైఫై బదులు తీగ కలుపుకున్నాడు. రెండూ ఒకేసారి చేశాడని తెలిసి మళ్లీ వైఫైకి వెళ్లమన్నాను. వైఫైలోనూ బాగానే ఉంది. దోషం ఫోటోలదే.

25వ రోజు

ఒకరి మాట వెనుక సన్నగా గుయ్‌మనే మోత ఉంది. ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే మోత లేదు, పెడితే ఉంది. తీగ మైకుకు బదులు యూఎస్‌బీ మైకు పెట్టాక ఛార్జరు ఉన్నా మోత రాలేదు. ఇంతకంటే లోతుగా వెళ్లలేదు.

28వ రోజు

ఈ రోజు సమావేశంలో తొమ్మిది మంది చేరిన వెంటనే మాట్లాడగలిగారు. పదో మనిషి డెస్క్‌టాప్ మాత్రం నిద్రలోంచి లేచిన ప్రతిసారీ యూఎస్‌బీ మైకును గుర్తించడం లేదు. తీగ పీకి పెడితే గుర్తిస్తుంది. మైకు, ఒక యూఎస్‌బీ రంధ్రాన్ని పలు రంధ్రాలుగా చేసే హబ్‌కు తగిలించి ఉంది కనుక దాన్ని తీసి నేరుగా కంప్యూటరుకు పెట్టించాను, ఇంకేమీ మార్చలేదు. ఆయన రేపు ఉదయం కంప్యూటరును నిద్ర లేపి వాక్యం రికార్డు చేసి పంపుతారు. రాకపోతే, ఖాళీగా ఉన్న యూఎస్‌బీ పరికరాలకు కరెంటు ఆపే సెట్టింగును తరువాత చూడాలి.